ఊగే ముల్లు

గుంటూరు మిర్చియార్డులో మూడో షెడ్డు వెనక
ఏసీ ఉన్న గది ఒక్కటే.
అందులో నేనూ, ఒక సర్వరూ.
ఫిబ్రవరి వచ్చిందంటే ఇద్దరికీ ఊపిరాడదు.

తలుపు కింద సందులోంచి ఎర్రపొడి లోపలికొస్తుంది,
ఫ్యాను రెక్కలకు మెత్తగా పట్టుకుంటుంది.
నిమిషానికి రెండువేల చుట్లు తిరగాల్సింది
నాలుగువేల రెండొందలు తిరుగుతుంది.
తెర మీద ఆ అంకె చూస్తే చాలు,
బయట తేజా రకం ఎన్ని లారీలు దిగిందో చెప్పేస్తాను.

నా ఉద్యోగం లెక్కలు చూడటం.
చెయ్యటం కాదు, చూడటం.
ప్రాసెసరు ఎంత శాతం, మెమరీ ఎంత మిగులు,
డిస్కు ముందు ఎన్ని పనులు వరసలో నిలబడ్డాయి,
దారిలో తప్పిపోయిన పాకెట్లెన్ని.
ఒక్కోదానికి ఒక్కో రంగు గీత,
ఐదు సెకన్లకోసారి ఒక చుక్క.
చుక్కకీ చుక్కకీ మధ్య ఏం జరిగిందో
గీత తనే ఊహించుకుని కలిపేస్తుంది,
మా వీధి సామ్రాజ్యమ్మగారు నా గురించి చెప్పే కథల్లాగా.

అన్నిటికంటే ఎక్కువ కష్టపడేదెవరా అని జాబితాలో వెతికితే
ఖాళీగా ఉండటమే పనిగా పెట్టుకున్నదొకటి
తొంభైఏడు శాతంతో పైన కూర్చునుంది.
చేరిన కొత్తలో దాన్ని ఆపేయబోయాను.
సూపర్‌వైజరు నవ్వాడు,
"అది ఖాళీ అమ్మా. ఖాళీని ఆపలేం."

ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాక
పాత కాటాదారు ఖాసింవలీని మా గదికి కాపలా పెట్టారు.
స్టూలు మీద కూర్చుని నా గీతల్ని చూస్తాడు.
ఒకసారి అన్నాడు:
"ముల్లు నిలబడ్డాక చూస్తే బరువు తెలుస్తదమ్మా.
ఊగేటప్పుడు చూస్తే
పళ్ళెం కింద కాలు పెట్టిందెవడో తెలుస్తది."
నేను ఊఁ కొట్టి టీ తాగాను.

మంగళవారం, పదకొండూ ఇరవై.
వేలం నత్తనడక పట్టింది.
తెర మీద మాత్రం అన్నీ పచ్చగా ఉన్నాయి. ప్రాసెసరు పన్నెండు శాతం,
మెమరీ సగానికి పైగా మిగులు.
కిటికీ దగ్గర యలమంద, నలభైరెండు టిక్కీల రైతు:
"నా లాటుకి పాట పడట్లేదమ్మా."
"సిస్టం బాగానే ఉందండీ."
"మరి నేను బాలేనా?"

అప్పుడు గుర్తొచ్చింది కాలు.

ఐదు సెకన్లని ఒక సెకను చేశాను.
ఎన్నడూ టిక్కు పెట్టని గడి ఒకటి వెతికి పెట్టాను:
రాసే ప్రతి అక్షరం డిస్కు గుమ్మంలో ఎంతసేపు ఆగుతోంది?
లేచింది. కొండ.
ఒక సెకను కొండ, నాలుగు సెకన్లు మైదానం,
మళ్ళీ కొండ.
నా పాత చుక్క పడే వేళకి ప్రతిసారీ అది దిగిపోయేది.
పడాల్సిన పాటలన్నీ దానికే తగిలి వెనక్కొస్తున్నాయి.

రాత్రి పదకొండుకి పెట్టాల్సిన బ్యాకప్పుని
ఎవరో పగలు పదకొండుకి పెట్టారు.
ఎవరో అంటే నేనే.
మొన్న శుక్రవారం, తుమ్ముల మధ్య.

ఆపాను. పాటలు పడ్డాయి.
యలమంద లాటు మటుకు
ఆగిన పదకొండు నిమిషాల్లో క్వింటాకి రెండొందలు దిగింది.
అతను గొడవ పెట్టుకోలేదు.
"ఇది అన్నీ రాసుకుంటదా?" అని తెర వైపు చూపించాడు.
"టిక్కు పెట్టినవి రాసుకుంటదండీ."
తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం రిపోర్టు దానంతటదే తయారైంది.
సగటు వినియోగం పన్నెండు శాతం. అంతరాయం లేదు.
ఆ 'లేదు' కొట్టేసి పదకొండు నిమిషాలు అని రాశాను.
కారణం అన్న గడిలో అంకెలే పడతాయి.
రెండుసార్లు ప్రయత్నించి
చివరికి కాగితం తీసి చేత్తో రాశాను, కోటిరత్నం అని,
పొట్టి సంతకం కాదు, పూర్తి పేరు.

తర్వాత మూత తీసి ఫ్యాను శుభ్రం చేశాను.
కళ్ళు మండి నీళ్ళు కారాయి, పొడి వల్లనే అనుకుందాం.
చుట్లు రెండువేల వందకి దిగాయి.
రాలిన ఎరుపంతా పేపర్లో పోగుచేసి ఖాసింవలీకిచ్చాను పారబొయ్యమని.
ఆయన పారబొయ్యలేదు.
అరచేతిలో పెట్టుకుని, చెయ్యి కాస్త పైకీ కిందికీ ఊపి,
కళ్ళు మూసుకుని,
"డెబ్బై గ్రాములు," అన్నాడు.
"తేజా."